కాస్త జరుగుతారా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెప్పాయి. బయట మనుషుల మాట, నడత మొరటుగా తయారయ్యాయని. అందుకే మిగతా విషయాలు వచ్చే సంచికకు ఉంచి, చోటంతా ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. ఈ శీర్షిక మొదలుపెట్టక ముందు నేను ఇరవై తొమ్మిదేళ్లు ఒక ఆస్పత్రి ఓపీ కౌంటర్‌లో చీటీలు రాశాను. నా జవాబుల్లో ఆ కౌంటర్ తరచూ కనిపిస్తుంది.

*

ప్రశ్న: మొన్న సెలవు రోజు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. మావారు, పిల్లలు ఊరెళ్లారు. టీవీ పెట్టలేదు. ఫోన్ వేరే గదిలో పెట్టేశాను. ఎన్నాళ్లకో ప్రాణం హాయిగా అనిపించింది. సాయంత్రం అయ్యేసరికి మాత్రం రేపు మళ్లీ ఆ బస్సు, క్యూ, తోపులాట, అరుపులు తలుచుకుని గుండెలో దడ మొదలైంది. నా చిన్నప్పుడు మనుషులు ఇలా లేరు. నిజంగానే మర్యాద తగ్గిపోయిందా, లేక వయసు మీద పడి నాకే అలా అనిపిస్తోందా?
– ఒక టీచర్, 52 ఏళ్లు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే పోయిన మంగళవారం గుర్తొచ్చింది. ఆ రోజు నేనూ ఇంట్లో ఒక్కదాన్నే. ఊడిపోయిన చొక్కా గుండీ కుట్టుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది, కానీ ఎక్కడికీ వెళ్లే పని లేదు కాబట్టి విసుగు రాలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, పై ఇంట్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, కుళాయి కింద బకెట్లో ఒక్కో చుక్కా పడుతున్న చప్పుడు. మామూలు రోజుల్లో ఇవేవీ నా చెవికెక్కవు.

పదకొండు గంటలప్పుడు బెల్ మోగింది. ఒక్కసారే. తలుపు తీస్తే మీటర్ రీడింగ్ తీసుకునే అబ్బాయి. బెల్ కొట్టి, గుమ్మానికి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "మీటర్ చూసుకుని వెళ్తానండీ" అన్నాడు. చూసుకున్నాడు, రాసుకున్నాడు, బయల్దేరాడు. మా గేటు గొళ్లెం ఇనుపది. వదిలేస్తే ఠంగుమని పడుతుంది, వీధి మొదటిదాకా వినిపిస్తుంది. ఆ అబ్బాయి ఎడమచేత్తో గేటు పట్టుకుని, కుడిచేతి బొటనవేలు గొళ్లెం కింద ఆనించి, దాన్ని మెల్లగా కిందికి దించాడు. చిన్న చప్పుడైనా కాలేదు. నేను కిటికీలోంచి చూస్తున్నానని అతనికి తెలియదు.

దానికి ముందు రోజు, సోమవారం, ఒక ఆఫీసులోకి వెళ్తుంటే నా ముందున్న పెద్దమనిషి గాజు తలుపు తోసుకుని లోపలికెళ్లి అలాగే వదిలేశారు. అది వచ్చి నా మోచేతికి గట్టిగా తగిలింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తలుపు సంగతి ఆ రోజే నలుగురికి చెప్పాను. గొళ్లెం సంగతి మాత్రం ఇదిగో, ఇప్పుడు మీకే మొదటిసారి చెబుతున్నాను. మీరడిగిన దానికి సగం జవాబు ఇక్కడే ఉందనుకుంటాను.

ఆడమ్ మాస్ట్రోయాని, డేనియల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2023లో నేచర్ పత్రికలో సరిగ్గా మీ ప్రశ్న మీదే ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లు పాత సర్వేలు తిరగేస్తే తేలిందేమిటంటే, మనుషుల్లో మంచితనం తగ్గిపోతోందని కనీసం 60 దేశాల జనం నమ్ముతున్నారు. అలా నమ్మడం కూడా నిన్న మొన్నటిది కాదు, కనీసం 70 ఏళ్లుగా ఉన్నదే. అదే జనాన్ని "ఇప్పుడు మీ చుట్టూ ఉన్నవాళ్లు ఎలా ఉన్నారు" అని ఏటేటా అడుగుతూ వస్తే, ఆ జవాబులు మాత్రం దాదాపు మారలేదు. అంటే మన అమ్మానాన్నలు పడుచువాళ్లుగా ఉన్న రోజుల్లోనూ జనం ఇదే మాట అన్నారు. దీనికి వాళ్లు చెప్పే కారణాలు రెండు. చెడు సంగతులు మన చెవిన ఎక్కువ పడతాయి, మనం ఎక్కువ పట్టించుకుంటాం. ఇక గడిచిపోయిన వాటిలో చెడు త్వరగా చెరిగిపోతుంది, మంచి మిగులుతుంది. మరో ముచ్చట కూడా బయటపడింది. బాగా తెలిసినవాళ్ల గురించి అడిగితే, వాళ్లు పాడైపోయారని జనం అనరట. పాడైపోయిందంతా తెలియనివాళ్లే.

అలాగని అంతా మీ భ్రమ అని నేను అనను. బస్సులో భుజం మీద పడే దెబ్బ భ్రమ కాదు. నా లెక్కలో రెండు విషయాలు నిజంగా మారాయి. ఒకటి తొందర. రెండోది చూపు.

తొందర గురించి ఒక పాత ప్రయోగం చెబుతాను. 1973లో అచ్చయింది, చేసింది జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులను, ఫలానా భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమని పంపారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర తల వాల్చి, దగ్గుతూ మూలుగుతూ కూలబడి ఉంటాడు. అతను వీళ్లు ముందుగా కూర్చోబెట్టిన మనిషే. "ఇంకా టైముంది, నిదానంగా వెళ్లండి" అని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది సాయానికి ఆగారు. "ఆలస్యమైపోయింది, మీ కోసమే చూస్తున్నారు" అని పంపినవాళ్లలో ఆగింది 10 శాతం. వాళ్లలో కొందరు చేయబోయే ప్రసంగం దేని మీదో తెలుసా? దారిలో దెబ్బలు తిని పడున్నవాడికి సాయం చేసిన మనిషి కథ మీద. ఆ కథ చెప్పడానికి వెళ్తూ, పడున్న మనిషిని దాటుకుని వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను. వాళ్లకి ఆలస్యమైంది, అంతే.

ఇది నాకు కౌంటర్లో రోజూ కనిపించేది. ఉదయం ఎనిమిదిన్నరకి "ఎంతసేపమ్మా, నిద్రపోతున్నావా" అని అద్దం మీద కొట్టినాయనే, మధ్యాహ్నం రిపోర్టు తీసుకుంటూ "వస్తానమ్మా" అని చెప్పి మరీ వెళ్లేవాడు. మనిషి మారలేదు, గడియారం మారింది. ఒక దశలో నేను చీటీతో పాటు ఒక ముక్క చెప్పడం మొదలుపెట్టాను. "మీ ముందు ఇరవై మంది ఉన్నారండీ, ముప్పావుగంట పడుతుంది, ఆ బల్ల మీద కూర్చోండి" అని. వారం తిరిగేసరికి అద్దం మీద కొట్టడం బాగా తగ్గింది. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, తెలిసిన దానికన్నా ఎక్కువసేపు అనిపిస్తుందని డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లోనే రాశారు. అది నేను చాలా ఆలస్యంగా చదివాను. ముందే చదివుంటే ఎంతమంది ఉదయాలు తేలికయ్యేవో.

ఇక చూపు. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1963లో ఒక చిన్న విషయం పట్టుకున్నారు. ఇద్దరు తెలియనివాళ్లు ఎదురుపడితే ఒక్క క్షణం చూసుకుంటారు, వెంటనే చూపు తిప్పుకుంటారు. ఆ ఒక్క క్షణంలో "నువ్విక్కడ ఉన్నావని చూశాను" అని చెప్పినట్టు. చూపు తిప్పుకోవడంలో "నీ జోలికి రాను" అని చెప్పినట్టు. పలకరింపు కాదు, నవ్వు కూడా అక్కర్లేదు. ముఖం ఎరగనివాళ్లు పక్కపక్కన బతకగలగడం చాలావరకు ఈ అరక్షణం మీదే నడుస్తుంది. ఇప్పుడు ఆ అరక్షణం ఫోన్‌కి పోతోంది. లిఫ్టులోకి వచ్చిన మనిషి తల ఎత్తడు. తల ఎత్తని మనిషికి పక్కనున్నది స్తంభమో మనిషో ఒకటే. గాజు తలుపు వదిలేసినాయన నన్ను అవమానించలేదమ్మా, అసలు చూడనే లేదు. మీటర్ అబ్బాయి చూశాడు. మర్యాద తగ్గిందంటే నాకు తోచే అర్థం ఇదే. మనుషుల గుణం కాదు, ఆ చూపు తగ్గింది.

మీ సాయంత్రం దడ గురించి. ఇంట్లో ఒక రోజు ఊరికే కూర్చోవడం తప్పేం కాదు, మీరది ఇంకా తరచుగా చేయాలి. కానీ ఆ నిశ్శబ్దంలో కూర్చుని రేపటి బస్సుని ఊహించుకుంటే, అది అసలు బస్సు కన్నా భయంకరంగా ఉంటుంది. నికలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో అచ్చయిన తమ పరిశోధనలో షికాగోలో రోజూ రైలెక్కేవాళ్లని పక్కన కూర్చున్న కొత్తవాళ్లతో మాట్లాడమన్నారు. అలా చేస్తే ప్రయాణం ఎలా ఉంటుందని ఊరికే ఊహించమంటే, నోరు మూసుకుని కూర్చోవడమే నయమన్నారు జనం. నిజంగా మాట్లాడినవాళ్లకి మాత్రం ప్రయాణం హాయిగా గడిచింది. మిమ్మల్ని మాట్లాడమని నేను అనను. రేపు బస్సెక్కాక ఒక్క మనిషి ముఖం చూడండి, చూపు తిప్పుకోండి. సాయంత్రం ఇంటికొచ్చాక, ఆ రోజు చప్పుడు చేయకుండా ఎవరైనా ఏదైనా మంచిపని చేశారేమో గుర్తు చేసుకుని ఇంట్లోవాళ్లకి చెప్పండి. తలుపుల సంగతులు ఎలాగూ చెబుతాం. గొళ్లేల సంగతులు కావాలని చెబితే తప్ప నోటికి రావు.

*

ప్రశ్న: రోజూ గంటన్నర బస్సు ప్రయాణం. పక్కన ఎవరో ఒకరు ఫోన్‌లో వీడియోలు ఫుల్ సౌండ్‌తో పెడతారు. అడుగుదామంటే గొడవవుతుందని భయం, ఊరుకుంటే తలనొప్పి. అడగాలా, వద్దా? అడిగితే ఎలా అడగాలి?
– ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడు

జవాబు: అడుగు నాయనా. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ముక్కూమొహం తెలియని మనిషికి నీ తలనొప్పి ఎలా తెలుస్తుంది?

నీ భయం కొత్తది కాదు, దానికి మన భాషలో చక్కని పేరుంది: మొహమాటం. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే పెద్ద శాస్త్రవేత్త 1970లలో తన విద్యార్థులను న్యూయార్క్ సబ్‌వే రైళ్లలోకి పంపారు. కూర్చుని ఉన్న మనిషి దగ్గరికెళ్లి, ఏ కారణమూ చెప్పకుండా "మీ సీటు నాకిస్తారా" అని అడగాలి. అంతే పని. మూడింట రెండొంతుల మందికి పైగా లేచి ఇచ్చారు, లేదా జరిగి చోటిచ్చారు. అడిగించుకున్నవాళ్ల కన్నా అడిగినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మిల్‌గ్రామ్ తనే వెళ్లి అడగబోతే మాట గొంతులోనే ఆగిపోయిందట. చివరికి అడిగి సీటు సంపాదించాక, దానికి తగ్గట్టు కనిపించాలన్నట్టు తల మోకాళ్ల మధ్యకి వాలిపోయిందని, ముఖం పాలిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. అంతటివాడికే అలా అయింది కాబట్టి, నీ గొంతు వణికితే కంగారు పడకు. వణుకుతూనే అడుగు.

ఎలా అడగాలంటావా. మూడు సీట్ల అవతలి నుంచి కేక వేయొద్దు. అది పదిమందికీ వినబడితే ఆ మనిషికి సౌండ్ సంగతి పక్కకిపోయి పరువు సంగతి ముందుకొస్తుంది. దగ్గరికి వెళ్లు, లేదా పక్కకి వంగు. ముందు అతను నిన్ను చూసేలా చేయి. అప్పుడు "కాస్త సౌండ్ తగ్గిస్తారా అండీ, తలనొప్పిగా ఉంది" అను. ఇందులో ప్రతి ముక్కకీ పని ఉంది. మనం రోజూ మాట్లాడుకునేటప్పుడు ప్లీజ్ అనేదానికి విడిగా మాట వాడం, ఆ పనంతా "కాస్త" చేసేస్తుంది. "తగ్గించండి" అంటే ఎంత మెల్లగా అన్నా ఆజ్ఞే. "తగ్గిస్తారా" అంటే నిర్ణయం అతని చేతిలో పెట్టినట్టు. తలనొప్పి అంటే అది నీ కష్టం, అతని తప్పు కాదు. "మీకు సివిక్ సెన్స్ లేదా" అని మొదలుపెడితే మాత్రం ఆ వీడియో ఇంకో గంట నడుస్తుంది.

ఒకవేళ అతను కసురుకుంటే వాదించకు, వేరే చోటికి జరుగు. నువ్వు అడిగింది పక్కవాళ్లు విన్నారు. ఒక్కోసారి రెండో గొంతు అక్కడి నుంచే వస్తుంది.

ఇంకొకటి. నీ ఉత్తరం చివర్లో, ఫోన్‌లో గట్టిగా మాట్లాడేవాళ్లు వీడియోల కన్నా ఎక్కువ విసిగిస్తారని, అది ఎందుకో అర్థం కాదని రాశావు. దానికి కారణం ఉంది. ఇద్దరి మాటా వినబడితే మన మనసు దాన్ని పక్కన పెట్టేయగలదు. ఒకవైపు మాటే వినబడితే రెండోవైపు ఏమన్నారో అని అది తనకు తెలియకుండానే వెతుక్కుంటుంది. 2010లో లారెన్ ఎంబర్సన్, ఆమెతో పనిచేసినవాళ్లు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. సగం సంభాషణ చెవిన పడ్డవాళ్లు చేస్తున్న పనిలో ఎక్కువ తడబడ్డారు. నీకు ఓపిక తక్కువై కాదు, ఎవరి బుర్రయినా అంతే.

*

ప్రశ్న: నాన్నగారికి 74 ఏళ్లు. ఒక ఆఫీసు పనికి తీసుకెళ్లాను. కౌంటర్లో కూర్చున్న అబ్బాయి, నాకన్నా చిన్నవాడు, తల ఎత్తకుండానే "నువ్వు పక్కకి నిలబడు" అన్నాడు. కాగితాలు సరిగా లేవని బల్ల మీదికి విసిరాడు. నాన్న వంగి, కింద పడిన కాగితం తీసుకున్నారు. నేనేమీ అనలేదు. పదిహేను రోజులైంది. నిద్ర పట్టడం లేదు.
– ఒక కూతురు

జవాబు: తల్లీ, మీరు అటువైపు నిలబడి రాశారు. నేను చాలా ఏళ్లు ఇటువైపు కూర్చున్నదాన్ని. అందుకని ముందు నా సంగతి చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన ఏడో ఏడాదో ఎనిమిదో ఏడాదో, వానాకాలం, జ్వరాల రోజులు. ఒకే ఉదయం రెండొందల పైచిలుకు చీటీలు రాశాను. "పేరు? వయసు? ఏంటి?" అని అడగడం, రాయడం, కాగితం తోసేయడం. తల ఎత్తాల్సిన పనే లేదు, కౌంటర్ కింద చిన్న కంతలోంచి చేతులు మాత్రం కనబడతాయి. ఒక చెయ్యి వచ్చింది. వేళ్ల కణుపులు ఉబ్బిపోయి, చిటికెన వేలు పక్కకి తిరిగిపోయి ఉంది. "పేరు?" అన్నాను. జవాబు లేదు. "పేరు చెప్పవయ్యా, వెనక జనం ఉన్నారు" అన్నాను. అప్పుడు ఆ గొంతు చాలా మెల్లగా అంది: "ఒక్కసారి తల ఎత్తి చూడమ్మా. తర్వాత చెబుతాను."

ఎత్తి చూశాను. మా నాన్న వయసు. కోపం లేదు ఆ ముఖంలో. అప్పుడు పేరు చెప్పారు, నేను రాశాను. "మీరు" అని ఎప్పుడు మారానో నాకే తెలియదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను, ముఖం చూడకుండా ఒక్క చీటీ కూడా ఇవ్వలేదు.

ఇది ఎందుకు చెప్పానంటే, ఆ అబ్బాయిని వెనకేసుకురావడానికి కాదు. కాగితం విసరడానికి ఏ రద్దీ కారణమూ చాలదు. పెద్దాయనని ఏకవచనంలో పిలవడం, అలసట వల్ల నోరు జారి వచ్చినా, తగిలేవాళ్లకి ఒకేలా తగులుతుంది. కానీ అలాంటి చోట ఒక మాట పనిచేస్తుందని నాకు అనుభవంలో తెలుసు, ఆ మాట అరుపు కానక్కర్లేదనీ తెలుసు. "బాబూ, ఒక్కసారి ఇటు చూడండి. ఈయన మా నాన్నగారు" అంటే చాలు. మీరు అతన్ని "మీరు" అంటే, తిరిగి "నువ్వు" అనడం అతనికి కష్టమవుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నది ఇలాంటి చోట అక్షరాలా పనికొస్తుంది.

జరిగిపోయిన దానికి ఇప్పుడేం చేయాలని కదా మీ బాధ. ఆ పని ఇంకా మిగిలుంటే మళ్లీ వెళ్లండి, మీరే ముందు నిలబడి పై మాట అనండి. పని అయిపోయి ఉంటే, ఆ ఆఫీసు పెద్దకి ఒక చిన్న ఉత్తరం రాయండి. రోజు, సమయం, ఏ కౌంటర్, కాగితాలు విసిరారన్న సంగతి. అతని గుణగణాల గురించి ఒక్క మాటా రాయొద్దు, జరిగింది మాత్రమే రాయండి. ఫిర్యాదుల్లో తిట్లు ఉంటే చదివేవాళ్లు తిట్లనే చూస్తారని ఇటువైపు కూర్చున్నదాన్నిగా చెబుతున్నాను.

అన్నిటికన్నా ముందు నాన్నగారితో మాట్లాడండి. పదిహేను రోజులుగా ఆ కాగితం మీ మనసులో కింద పడే ఉంది. ఆయన మనసులో అది ఎక్కడుందో మీరు అడగలేదు, మీ ఉత్తరంలో ఆ సంగతే లేదు. "ఆ రోజు నేను మాట్లాడాల్సింది నాన్నా" అని ఆయనతో అనండి. ఆయన ఆ సంగతి ఎప్పుడో వదిలేసి ఉండవచ్చు. వదలకపోతే, ఒక్కరే మోస్తున్న బరువుకి ఇంకో భుజం దొరుకుతుంది.

*

ప్రశ్న: బాగా చదువుకున్నవాళ్లు, ఎదురుపడితే ఎంతో మర్యాదగా ఉండేవాళ్లు ఆన్‌లైన్‌లో అంత నీచంగా ఎలా తిట్టగలుగుతున్నారు?
– ఒక గృహిణి

జవాబు: ఎదురుగా కళ్లు లేవు కాబట్టి. జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లోనే దీని గురించి రాశారు. పేరు దాగుతుంది, ముఖం దాగుతుంది, అవతలి మనిషి నొచ్చుకోవడం మనకు కనబడదు, కట్లు తెగిపోతాయి. 2012లో ఇజ్రాయెల్‌కి చెందిన ఇద్దరు పరిశోధకులు ఇందులో దేని పాత్ర ఎంతో విడదీసి చూశారు. పేరు దాచడం కన్నా, కళ్లలో కళ్లు పెట్టి చూసే వీలు లేకపోవడమే తిట్లకి ఎక్కువ కారణమని తేలింది. టీచర్ గారికి చెప్పిన చూపు సంగతే ఇక్కడా. నేను పాటించేది ఒకటి చెబుతాను. కోపంతో రాసిన జవాబుని పంపేముందు, ఆ మనిషి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నట్టు అనుకుని పైకి చదువుతాను. సగం ఉత్తరాలు అక్కడే ఆగిపోతాయి.

*

ప్రశ్న: క్యూలో అందరూ మధ్యలో దూరుతుంటే నేనొక్కణ్ని వెనక నిలబడటం పిచ్చితనం కాదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: కాదు. నువ్వు నిలబడటాన్ని నీ వెనకవాడు చూస్తాడు. 2008లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కీస్ కైజర్, ఆయనతో పాటు మరికొందరు చేసిన ప్రయోగం ఒకటుంది. సైకిళ్లు పెట్టుకునే ఒక సందులో ప్రతి సైకిల్ హ్యాండిల్‌కీ ఒక కరపత్రం తగిలించారు. దగ్గర్లో చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్న రోజు 33 శాతం మంది దాన్ని కింద పడేశారు. అదే గోడ మీద పిచ్చిరాతలు రాసి ఉంచిన రోజు 69 శాతం మంది పడేశారు. మనుషులు ఒకలాంటివాళ్లే, సందు అదే, గోడ మారింది, అంతే. క్యూలో నీ వెనకవాడికి నువ్వే ఆ గోడ.

దూరేవాణ్ని ఊరుకోమని కాదు. "వరుస అక్కడి నుంచి మొదలవుతుందండీ" అని వేలితో చూపించు. దూరాడని నింద వేయకుండా, తెలియక వచ్చాడన్నట్టు చెబితే, వెనక్కి వెళ్లడానికి అతనికి దారి దొరుకుతుంది. కౌంటర్ లోపలి నుంచి నేను వందలసార్లు ఇదే మాట అన్నాను, వెళ్లనివాళ్లు తక్కువ.

*

ప్రశ్న: పోయిన నెల రాత్రి పదకొండున్నరకి ఇంటికొస్తే మా అపార్ట్‌మెంట్ గేటు తీయడం ఆలస్యమైంది. వాచ్‌మన్ మీద అందరి ముందూ నోరు పారేసుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. అప్పటి నుంచి రోజూ గేటు తీస్తున్నాడు, నేను ఆయన ముఖం చూడలేక ఫోన్ చూసుకుంటూ లోపలికి వెళ్లిపోతున్నాను. ఇప్పుడు సారీ చెబితే బావుండదేమో?
– 40 ఏళ్ల ఉద్యోగి

జవాబు: బావుంటుంది. నెల గడిచిందని ఆగకండి. ఆయనకీ గుర్తుంది, మీకూ గుర్తుంది. రోజుకి రెండుసార్లు ఆ గేటు దగ్గర ఇద్దరూ దాన్ని దాటుకుంటూ వెళ్తున్నారు.

ఆఫీసులో టెన్షన్ అని, ఆ రోజు ఒంట్లో బాగాలేదని కారణాలు చెప్పకండి. కారణం చెబితే క్షమించమని అడుగుతున్నట్టు కాదు, అర్థం చేసుకోమని ఇంకో పని అప్పజెప్పినట్టు. డబ్బు చేతిలో పెట్టకండి, అది మాటకి బదులు కాదు. "ఆ రోజు రాత్రి మీ మీద అరిచాను, తప్పు నాది" అంటే చాలు. ఇక్కడ "మీ" అన్న మాట ముఖ్యం. ఆ రాత్రి మీరు ఏమని పిలిచారో మీ ఉత్తరంలో లేదు, ఊహించగలను. అరిచినప్పుడు పదిమంది ఉన్నారు కాబట్టి, కుదిరితే పదిమంది ఉన్నప్పుడే చెప్పండి.

రేపు గేటు దగ్గరికి వచ్చేముందే ఫోన్ జేబులో పెట్టేయండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.